చాక్‌పీస్ పరీక్ష: 243 రోజుల మైగ్రేన్ లెక్కల పుస్తకం

ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ చెబుతాను. వయసు 39. ఒంటికణత నొప్పి, అంటే మైగ్రేన్, మొదలై పదిహేడేళ్ళయింది. అందులో రెండేళ్ళు సైనస్ అనుకుని ఆవిరి పట్టాను, ఇంకో ఏడాది సైట్ అనుకుని రెండు జతల కళ్ళజోళ్ళు మార్చాను. 2024 జులై 1 నుంచి 2025 ఫిబ్రవరి 28 వరకు చేసినవి, చెడినవి, కొలిచినవి ఇక్కడ రాస్తున్నాను. ఎవరికైనా పనికొస్తే నా తప్పులైనా తప్పించుకుంటారు.

ఒక జాగ్రత్త. ఇందులో మందుల పేర్లు ఉన్నాయి. అవి నా బీపీ, నా నాడి చూసి డాక్టర్ రాసినవి. పట్టికలో గీతలు కాపీ కొట్టండి, మాత్రలు వద్దు. ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ పట్టేసిన నొప్పి, మాట తడబడటం, చెయ్యో కాలో లాగేయడం, యాభై దాటాక కొత్తగా మొదలైన నొప్పి ఉంటే పుస్తకం గీస్తూ కూర్చోకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

మొదటి దశ: పుస్తకం (జులై)

సామాన్లు: 200 పేజీల పొడుగు నోటుబుక్కు (60 రూపాయలు), చేతి గడియారం, స్కేలు.

మొదటి పట్టికలో 23 గడులు గీశాను. తిన్నవి, తాగినవి, ఎండ, వాన, నిద్ర, గొడవలు, అన్నీ. ఆరో రోజుకే పుస్తకం తెల్లగా మిగిలింది. తల పగిలిపోతున్నప్పుడు 23 గడులు ఎవరు నింపుతారు? చించేసి మళ్ళీ గీశాను.

1. తేదీ, వారం
2. నొప్పి మొదలైన గంట, తగ్గిన గంట
3. తీవ్రత
4. వేసుకున్న మాత్ర, వేసుకున్న గంట
5. పోయిన పీరియడ్లు

తీవ్రతకు మొదట 0 నుంచి 10 వరకు మార్కులు వేసుకున్నాను. ఆరుకీ ఏడుకీ తేడా ఏమిటో నాకే తెలియలేదు. దాన్ని 0 నుంచి 3 కి కుదించాను. 1 అంటే పాఠం చెప్పగలను. 2 అంటే చెబుతాను కానీ బోర్డు మీద లెక్క తప్పుతుంది. 3 అంటే చీకట్లో పడుకోవాల్సిందే. నొప్పి ఎంతుందో కాదు, ఏ పని ఆగిందో చూడటం. ఇలాగైతే తడబాటు లేదు.

జులై ఫలితం: 31 రోజుల్లో నొప్పి ఉన్నవి 17. మాత్ర వేసుకున్న రోజులు 14, మాత్రలు 26. పోయిన పీరియడ్లు 11. నాలుగు ఆదివారాలకు నాలుగూ నొప్పే. సెలవు రోజు హాయిగా పడుకున్నా ఎందుకొస్తుందో అప్పటికి అర్థం కాలేదు.

ఆ 26 మాత్రలూ చీటీ లేకుండా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవే. పారాసిటమాల్‌తో పాటు కెఫీన్ కూడా కలిసిన రకం. ఈ వరస నోటుబుక్కులో ఉంది కానీ నా చూపు దాని మీద పడలేదు. నొప్పినే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మొత్తం: నొప్పి రోజులు 17, మాత్ర రోజులు 14.

రెండో దశ: అనుమానితుల వేట (ఆగస్టు)

ఈ నెలంతా వృథా. ఎలా వృథా అయిందో మాత్రం వివరంగా రాయాలి, ఎందుకంటే ప్రతి మైగ్రేన్ మనిషీ ఈ గుంతలో ఒకసారి పడతాడు.

అనుమానితుల జాబితా: ఆవకాయ, పెరుగు, అరటిపండు, పల్లిపట్టి, చాక్లెట్, చాయ్, అగరుబత్తి, మల్లెపూలు, ఎండ. తినేవీ తాగేవీ అన్నీ ఒకేసారి మానేశాను. ప్రయోగంలో ఒకసారికి ఒకే చరరాశి మార్చాలని తొమ్మిదో తరగతికి నేనే చెబుతాను, నా తలకాయ దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను. ఏం తినాలో తెలియక మధ్యాహ్నం భోజనం రెండున్నరకు పోయేది. బరువు రెండున్నర కిలోలు తగ్గింది. నొప్పి తగ్గలేదు.

చాయ్ ఆగిన మర్నాడే మొదలైన నొప్పి మూడు రోజులు పోలేదు. కెఫీన్ అలవాటున్న ఒంటికి అది అందకపోతే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి పట్టుకుంటుంది. అత్తమ్మ చూసి చూసి అంది: "ఒక్క చాయ్ తాగు బిడ్డా, అదే తగ్గుతది." తాగాను, తగ్గింది. అత్తమ్మ గెలిచింది. చాయ్ మీద అనుమానం మాత్రం నాకు ఇంకా పెరిగింది.

కూలింగ్ గ్లాసులు 900 రూపాయలకు కొని స్టాఫ్‌రూమ్‌లో కూడా పెట్టుకున్నాను. రెండు వారాలకు మామూలు ట్యూబులైటు కూడా సూదుల్లా గుచ్చడం మొదలైంది. రోజంతా చీకటికి అలవాటు పడిన కన్నుకు వెలుతురు ఇంకా ఎక్కువగా తగులుతుంది. ఇప్పుడు అవి ఎండలోకి వెళ్ళేటప్పుడే. గుమ్మం లోపలికి రాగానే తీసేస్తాను.

ఇక పల్లిపట్టి. జులై పుస్తకంలో వెనక్కి వెళ్ళి గుర్తున్నంత వరకు రాస్తే, పల్లిపట్టి తిన్నవి 9 రోజులు, అందులో 7 సార్లు మర్నాడు నొప్పి. దొంగ దొరికిందనుకున్నాను. ఆగస్టులో పల్లిపట్టి పూర్తిగా బంద్. కానీ నొప్పికి ముందురోజు సాయంత్రం తీపి కోసం నాలుక పీకడం ఆగలేదు. వరసగా ఆవలింతలు, మెడ పట్టేయడం, ఊరికే చిరాకు కూడా ఆగలేదు. నొప్పీ ఆగలేదు. అంటే పల్లిపట్టి తిన్నందుకు నొప్పి రాలేదు. రాబోయే నొప్పే నాతో పల్లిపట్టి తినిపించింది. కణత కొట్టుకోవడానికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి రెండు రోజుల ముందే దాడి మొదలైపోతుంది. ఆ ముందస్తు లక్షణాన్ని పట్టుకుని కారణం అనుకున్నాను. మల్లెపూల మీద అనుమానం కూడా ఇలాగే కొట్టుకుపోయింది. దాడి దగ్గర పడితే ఏ వాసనైనా ముక్కుకు ఎక్కువే.

మార్పు: పట్టికలో "ముందురోజు" అని ఆరో గడి. అందులో తిండి రాయను. ఆవలింతలు, మెడ, తీపి కోరిక, చిరాకు, అంతే. ఇందులో రెండు పడిన రోజు టైముకు తింటాను, నీళ్ళ సీసా నింపుకుంటాను, పదింటికి పడుకుంటాను.

ఆగస్టు: నొప్పి 18, మాత్ర 15. మొత్తం: 35, 29.

మూడో దశ: మాత్రలు ఆపడం (సెప్టెంబరు)

వరంగల్‌లో న్యూరాలజిస్టుకు (నరాల డాక్టరుకు) నోటుబుక్కు చూపించాను. ఆవిడ నొప్పి గడి తర్వాత చూశారు, మొదట వేలు పెట్టింది నాలుగో గడి మీద. నేను వేసుకునే కలగలుపు మాత్రలు నెలకు పది రోజులు, ఉత్త పారాసిటమాల్ లాంటివైతే పదిహేను రోజులు, మూడు నెలలకు పైగా అలా వాడితే మాత్రే తలనొప్పి తెచ్చిపెడుతుంది. నావి 14, 15. అంతకుముందు ఏళ్ళకు లెక్కే లేదు. నెలకు పదిహేను రోజులు లేదా అంతకంటే ఎక్కువ నొప్పి, అందులో కనీసం ఎనిమిది మైగ్రేన్ తరహావి, మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారట. కళ్ళు, చేతులు, నడక, రిఫ్లెక్సులు అన్నీ పరీక్షించి, నా లక్షణాలకు స్కానింగ్ అక్కర్లేదన్నారు. స్కానింగ్ కోసం దాచిన డబ్బు అలాగే మిగిలింది.

రాసిచ్చినవి:

1. పాత మాత్రలు పూర్తిగా బంద్.
2. దాడులు రాకుండా రోజూ ప్రొప్రానొలాల్ 40 మి.గ్రా., నెమ్మదిగా కరిగే రకం. ముందు ఆస్తమా ఉందా అని రెండుసార్లు అడిగారు. ఉంటే ఈ మందు ఇవ్వరు.
3. దాడి వస్తే నొప్పికి న్యాప్రాక్సెన్ 500, వాంతికి డోంపెరిడోన్, తీవ్రమైతే మైగ్రేన్ దాడిని ఆపే రిజాట్రిప్టాన్. అన్నీ కలిపి వారానికి రెండు రోజులు మించకూడదు.

ఇక్కడ నేను చేయబోయిన తప్పు ఒకటుంది. రిజాట్రిప్టాన్ 10 మి.గ్రా. స్ట్రిప్పు మా వదిన ఇచ్చింది ఇంట్లో ఉంది, ఎలాగూ ఉందిగా అదే వాడదామనుకున్నాను. ప్రొప్రానొలాల్ వాడుతుంటే రక్తంలో రిజాట్రిప్టాన్ మోతాదు పెరుగుతుంది, అందుకే నాకు 5 మి.గ్రా. రాశారు. మీ మందులన్నీ డాక్టరుకు చెప్పండి, ఎవరో ఇచ్చినవి కూడా.

మొదటి పది రోజులు నరకం. నాలుగో రోజు మూడు వాంతులు. మూడు క్యాజువల్ లీవులు ఖర్చయ్యాయి. పాత మాత్రలు బీరువాలోనే ఉన్నాయని తెలిసి నిద్ర పట్టేది కాదు. మా ఆయన వాటిని తీసుకెళ్ళి ఎక్కడ పడేశారో ఇప్పటికీ చెప్పలేదు. పన్నెండో రోజున "ఈ కొత్త మందు పనిచేయట్లేదు, ఆపేస్తా" అని డాక్టరుకు ఫోన్ చేశాను. కనీసం ఎనిమిది వారాలు చూడకుండా పనిచేసిందో లేదో చెప్పలేమన్నారు. ఆ తేదీ క్యాలెండర్ మీద ఎర్రసిరాతో చుట్టాను.

కొలతలు: పొద్దున నాడి 84 నుంచి 66 కి వచ్చింది. 55 కంటే తగ్గితే ఫోన్ చేయమన్నారు, తగ్గలేదు. చేతులు చల్లబడటం, ప్రార్థనలో ఎక్కువసేపు నిలబడితే కళ్ళు తిరగడం, రెండూ నెలన్నర ఉన్నాయి.

సెప్టెంబరు: నొప్పి 20, మాత్ర 5. మొత్తం: 55, 34.

నొప్పి రోజులు మూడు నెలల్లో ఎక్కువ, మాత్ర రోజులు తక్కువ. ఈ ఒక్క నెల చూసి ఆపేసేవాళ్ళు చాలామంది ఉంటారనిపిస్తుంది. నేనూ ఆపేసేదాన్నే, పది రోజుల తర్వాత వరసగా మూడు ఖాళీ గడులు పడకపోయుంటే.

నాలుగో దశ: గది, మంచు పట్టీ (అక్టోబరు)

దసరా సెలవుల పని. ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ యాప్ దించుకుని మధ్యాహ్నం రెండింటికి దిండు మీద పెట్టి కొలిచాను: 310 లక్స్. నల్లటి కర్టెన్ వేశాక 95. వెలుతురు బట్టలోంచి రావట్లేదు, పక్కల సందుల్లోంచి వస్తోంది. రాడ్డు రెండువైపులా చెరో 15 సెంటీమీటర్లు పొడిగించి, అంచులకు వెల్క్రో కుట్టాను: 9 లక్స్. ఖర్చు 640.

గెలిచాననుకున్నాను. కానీ గది ఉష్ణోగ్రత 33 నుంచి 35.5 కి ఎక్కింది. ఉక్కపోతలో పడుకుంటే తల ఇంకా మోగింది. వెంటిలేటర్‌కు కర్టెన్ తీసేసి, నల్లరంగు వేసిన అట్టముక్కతో మెలిక గొట్టంలా చేసి బిగించాను. గాలి మలుపు తిరుగుతుంది, వెలుతురు తిరగదు. 14 లక్స్, 33.5 డిగ్రీలు. చాలు.

ఫోన్ కెమెరాలో స్లో మోషన్ పెట్టి ఇంట్లో లైట్లన్నీ తీశాను. చోక్ ఉన్న పాత ట్యూబులైటు, ఒక చవక ఎల్ఈడీ బల్బు వెలిగి ఆరుతూ కనిపించాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు వందసార్లు మినుకు. రెండూ మార్చాను. వీటివల్ల నొప్పి తగ్గిందని చెప్పను, మిగతావి మారుతున్నప్పుడే ఇవీ మారాయి.

మంచు పట్టీ మూడుసార్లు చేశాను. ఐసు ముక్కలు తువ్వాలులో చుడితే దిండు తడిసింది. తడి తువ్వాలు ఫ్రీజర్లో పెడితే రోకలిలా బిగుసుకుంది. మూడోది కుదిరింది:

1. లీటరు నీళ్ళలో 100 గ్రాముల ఉప్పు కలపాలి.
2. గట్టి జిప్ కవర్లో పావులీటరు పోసి, గాలి తీసి మూయాలి. దానిపై ఇంకో కవరు.
3. ఫ్రీజర్లో రాత్రంతా ఉంచాలి. ఉప్పువల్ల పూర్తిగా గట్టిపడదు, పిండితే నలుగుతుంది.
4. పాత నూలుచీరతో 60 × 12 సెంటీమీటర్ల సంచి, చివర్లకు నాడాలు.
5. నుదుటికి కట్టి 15 నిమిషాలు. తర్వాత తీసేయాలి.

మొదటిసారి ఫ్రీజర్లోంచి తీసి ఒక్క పొర బట్టతో కట్టేసుకున్నాను. ఉప్పునీళ్ళ మంచు మామూలు ఐసు కంటే చల్లగా ఉంటుంది, నుదుటిమీద ఎర్రటి మచ్చ నాలుగు రోజులు పోలేదు. ఇప్పుడు పది నిమిషాలు బయట పెట్టి, రెండు పొరలు వేసి కడతాను. మొత్తం 210 రూపాయలు.

అత్తమ్మ శొంఠి పట్టు, అమృతాంజనం కూడా లెక్కలో వేశాను. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో మొదలుపెట్టిన ఆ పసుపు సీసా లేని ఇల్లు మా వైపు ఉండదు. తీవ్రత 1 ఉన్నప్పుడు హాయిగా ఉంటుంది. 2 దాటితే ఆ వాసనకే కడుపులో తిప్పేస్తుంది. పట్టికలో ఎంతసేపటికి తగ్గిందో చూస్తే తేడా లేదు. అత్తమ్మ చేత్తో నుదురు రాయించుకోవడం మాత్రం మానలేదు.

అక్టోబరు: నొప్పి 12, మాత్ర 5. మొత్తం: 67, 39.

ఐదో దశ: ఎప్పుడు వేసుకోవాలి? (అక్టోబరు నుంచి డిసెంబరు)

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. మాత్రలు తక్కువ వేసుకోవాలి, కానీ వేసుకుంటే తొందరగా వేసుకోవాలి. దాడి ముదిరితే కడుపు కదలిక మందగిస్తుంది, మింగిన మాత్ర అక్కడే కూర్చుంటుంది. సెప్టెంబరు భయంతో "ఇంకొంచెం ఓర్చుకుందాం" అనుకుంటూ నొప్పి 3 కి చేరాక వేసుకునేదాన్ని. అప్పుడు మాత్రా వృథా అయ్యేది, ఆ రోజంతా పోయేది.

ఏది మైగ్రేన్, ఏది మామూలు తలనొప్పి అని మొదటి అరగంటలో తేల్చాలి. ఒంటిని కదిలిస్తే మైగ్రేన్ పెరుగుతుంది, మామూలుది అంతగా పెరగదు. ఇంకేం, చేతిలో ఉన్న వస్తువుతోనే పరీక్ష:

1. చాక్‌పీస్ నేలమీద వేయాలి.
2. మోకాళ్ళు వంచకుండా వంగి తీసి, నిలబడాలి.
3. పది లెక్కపెట్టేలోపు కణత దడదడమంటే మాత్ర వేసుకోవాలి.
4. అనకపోతే నీళ్ళు, ఏదైనా తిండి, అరగంట ఆగి మళ్ళీ పరీక్ష.

నాలుగో అంకెలో "మళ్ళీ" అన్నది మొదట లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 26 సార్లు పరీక్ష రాశాను. 15 సార్లు దడ. మాత్ర వేసుకున్నది 14, ఒకసారి మాత్ర స్టాఫ్‌రూమ్ సంచిలో, నేను పై అంతస్తు క్లాసులో. మిగిలిన 11 లో 9 తమంతట తగ్గాయి. రెండు మాత్రం మోసం చేసి గంట తర్వాత ముదిరాయి. అందుకే రెండో పరీక్ష. మాత్రలు కూడా ఇప్పుడు మూడుచోట్ల: సంచి, మంచం పక్క సొరుగు, క్లాసులో తాళం వేసిన చాక్‌పీసుల పెట్టె. తొమ్మిదో తరగతి పిల్లలు నేను వంగగానే కనిపెట్టేస్తున్నారు. "మేడమ్, లైటు ఆపమంటారా?" అని ముందు బెంచీ నుంచి మెల్లగా అడుగుతారు.

సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు 27 మాత్ర రోజుల లెక్క:

- నొప్పి మొదలైన 45 నిమిషాల్లోపు వేసుకున్నవి 14: రెండు గంటల్లో తగ్గినవి 10
- 45 నిమిషాలు దాటి రెండు గంటల్లోపు 5: తగ్గినవి 2
- రెండు గంటలు దాటాక 8: తగ్గింది 1

ఒక్క మనిషి లెక్క ఇది, ఋజువు కాదు. నా వరకు మాత్రం ఓర్చుకోవడం అనే అలవాటు పోయింది.

నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు వరకు వచ్చేవే నాకు 3 తీవ్రతవి. వారం కోటా రెండు రోజుల్ని అప్పటికి మిగుల్చుకుంటాను.

ఆరో దశ: ఆదివారాలు, సోమవారాలు (నవంబరు)

ఆదివారం గుట్టు చివరికి చాయ్ గ్లాసులో దొరికింది. బడి రోజుల్లో ఐదు చాయ్‌లు, మొదటిది ఆరున్నరకు. ఆదివారం లేచేదే ఎనిమిదిన్నరకు, చాయ్‌లు రెండు, టిఫిన్ పదింటికి. నిద్ర, కెఫీన్, తిండి మూడింటి వేళలూ ఒకేరోజు మారిపోతున్నాయి. ఆగస్టులోలా ఒక్కసారిగా ఆపకుండా నాలుగు రోజులకొకటి తగ్గించి రెండుకు తెచ్చాను: ఆరున్నరకు ఒకటి, నాలుగింటికి ఒకటి, ఆదివారమైనా అంతే. నవంబరు నాలుగు ఆదివారాల్లో నొప్పి ఒక్కటే.

కార్తీక సోమవారాలు వచ్చాయి. నవంబరు 4, 11: చుక్కలు చూసేదాకా ఉపవాసం. రెండుసార్లూ మూడింటికల్లా కణత పట్టేసింది. 18, 25: మూడు గంటలకోసారి పాలు, అరటిపండు. ఒకసారి ఏమీ లేదు, ఒకసారి తీవ్రత 1. అరటిపండు మీద ఆగస్టులో వేసిన కేసు కూడా దాంతో కొట్టేశాను.

నవంబరు: నొప్పి 10, మాత్ర 5. మొత్తం: 77, 44.

ఏడో దశ: డిసెంబరు నుంచి ఫిబ్రవరి

డిసెంబరు: 7, 4. మొత్తం: 84, 48.
జనవరి: 5, 3. మొత్తం: 89, 51.

హిట్-6 అని ఆరు ప్రశ్నల పత్రం ఉంది, మార్కులు 36 నుంచి 78 వరకు, 60 లేదా ఆపైన వస్తే తలనొప్పి జీవితాన్ని గట్టిగా దెబ్బతీస్తున్నట్టు. జులైలో నాకు 67, డిసెంబరు చివర 58.

ఫిబ్రవరిలో చెల్లెలి పెళ్ళి. మందుల డబ్బా ఇంట్లో మర్చిపోయి బస్సెక్కాను. "రోజుకొకటే కదా" అనుకుని మూడు రోజులు వదిలేశాను. రెండో రోజు గుండె దడ, ఆపైన వరసగా మూడు రోజులు నొప్పి, పక్కనే డీజే. అప్పగింతలప్పుడు నేను పెళ్ళికూతురి గదిలో బకెట్ పక్కన ఉన్నాను. ప్రొప్రానొలాల్ హఠాత్తుగా ఆపకూడదని చీటీ మీదే ఉంది. డాక్టర్ తిట్టలేదు. ఊళ్ళోనే ఏ షాపులోనైనా చీటీ ఫోటో చూపించి తీసుకోవాల్సిందన్నారు. ఇప్పుడు చీటీ ఫోటో ఫోన్‌లో ఉంది, నాలుగు మాత్రలు పర్సులో ఉన్నాయి.

ఫిబ్రవరి: నొప్పి 8, మాత్ర 5. పోయిన పీరియడ్లు 2. మొత్తం 243 రోజులకు: 97, 56.

మందు ఎప్పుడు తగ్గించాలో ఏప్రిల్‌లో చూద్దామన్నారు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే టిఫిన్ ఏడింటికి, భోజనం ఒకటిలోపు, చాయ్ ఆరింటికి జరుపుకోవాలి. రోజుకు పది నిమిషాల చొప్పున ఇప్పటినుంచే జరుపుతున్నాను. బడి వదిలేది ఎర్రటి ఎండలో, అందుకని లోపల వెండిపూత ఉన్న గొడుగు కొన్నాను, 350. దాంతో మందులు, డాక్టర్ ఫీజు కాకుండా సామాన్ల ఖర్చు 2,160. కూలింగ్ గ్లాసుల 900 ఇందులో కలిపే.